వరుసకు ముందు ఖాళీ

అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో పొద్దుటి బ్యాచ్ వెళ్లిపోయి తర్వాతి బ్యాచ్ ఇంకా రాని ఆ కాస్త తీరికలో మతీన్ చేసే మొదటి పని ల్యాప్‌టాప్ మూత సగం తెరవడం. పూర్తిగా తెరవడు. తెర ఎవరికి కావాలి? పుట్టినప్పటి నుంచీ అతనికి చూపు లేదు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు, రెండో చెవిని గదికి వదిలేస్తాడు. ముందు బల్ల మీద బ్రెయిలీ పట్టీ ఉంటుంది. కంప్యూటర్‌లో ఏ వరుస మీద ఉంటే ఆ వరుసలోని అక్షరాలు ఆ పట్టీ మీద చుక్కలుగా లేచి వేళ్లకు తగులుతాయి. మొత్తం ఇరవై గడులు. పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పే మతీన్ సార్ కోడ్‌ని వేళ్లతో చదువుతాడని కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం నోరు తెరుచుకుని చూస్తారట. రెండో వారానికి తప్పులన్నీ పట్టుకుంటున్నాడని తిట్టుకుంటారట.

ఆ శనివారం అతను ‘వినికిడి’ గ్రూప్ తెరిచాడు. వినికిడి అంటే తెర మీది తెలుగుని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని కోడ్ అందరికీ బహిరంగమే. ఎవరైనా చూడొచ్చు, తప్పు కనిపిస్తే సరిచేసి పంపొచ్చు. జీతాలు లేవు, యజమాని లేడు. రాసేవాళ్లు పది పన్నెండు మంది, ఆదివారాలు పంజాగుట్టలో కలుస్తారు. అందులో అంకెలు చదివే భాగం మొత్తం మతీన్ ఒంటిచేత్తో రాసింది. తేదీలు, ధరలు, బస్సు నంబర్లు, ఏదైనా సరే, అంకె కనిపిస్తే దాన్ని తెలుగులో ఎలా పలకాలో చెప్పేది అతని కోడే.

గ్రూప్‌లో కేదార్ పెట్టిన సందేశాన్ని యంత్రం గడగడా చదివింది. ఫార్మాటింగ్ చర్చ ముగిసిందట. ఇకనుంచి వరుస మొదట్లో ఖాళీ వదలడానికి ట్యాబ్ మీట వాడకూడదట, నాలుగేసి స్పేస్‌లే పెట్టాలట. ఓటింగ్ ఏకగ్రీవమట. అభ్యంతరాలేవీ రానందున రాత్రే మొత్తం కోడ్ మార్చేశారట.

ఏకగ్రీవమా? ఎవరి గ్రీవం? మతీన్ పై బాణం మీట నొక్కుతూ పాత సందేశాల్లోకి వెళ్లాడు. మంగళవారం అభిలాష్ పెట్టింది దొరికింది. యంత్రం చదివింది: “బొమ్మ. బొమ్మ. మీ ఓటు ఎ? బి?” దాని కింద వరసగా బి, బి, బి, బి.

ఇది అతను మంగళవారమే విన్నాడు. గ్రూప్‌లో పొద్దున్నే గులాబీ పువ్వుల శుభోదయాలు పెట్టే మహానుభావుడు ఒకడున్నాడు, ఆ బాపతే అనుకుని దాటేశాడు. ఇప్పుడర్థమైంది. ఒకే కోడ్‌ని ట్యాబ్‌లతో ఒకసారి, స్పేస్‌లతో ఒకసారి ఫొటో తీసి, ఏది బాగుందో చెప్పమన్నారు. చూపు లేనివాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తూ ఓటింగ్ ఫొటోల్లో పెట్టారు. పెళ్లికొడుకుని విడిదింట్లో మరిచిపోయి తలంబ్రాలు పోయించినట్టు. పైగా ఆ గ్రూప్‌కో ఆచారం ఉంది. రెండు రోజుల్లో ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. వీళ్లు మిగతా సగం కూడా వీళ్లే కలిపేసుకున్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది మతీన్‌కి. ఆ కోపంతోనే తన అంకెల ఫైలు తెరిచి పట్టీ మీద వేళ్లు పెట్టాడు.

ఏమీ తగల్లేదు. వేళ్లు కుడివైపు జరిపాడు. ఇంకా ఏమీ లేదు. పట్టీ సగం దాటాక గానీ అక్షరాలు మొదలవలేదు. పైథాన్‌లో వరుస ఎంత లోపలికి జరిగి మొదలైంది అన్నదే ప్రాణం. ఏ పని ఏ పని కిందకి వస్తుందో కంప్యూటర్ దాన్ని బట్టే తెలుసుకుంటుంది. ట్యాబ్ అయితే ఒక్కో మెట్టుకు ఒక్క గడి పోతుంది. మూడు మెట్లు లోపలికి వెళ్లినా మూడే గడులు. ఇప్పుడు మూడు మెట్లకు పన్నెండు గడులు ఖాళీ. మిగిలిన ఎనిమిదింట్లో పట్టే ముక్క చదివి, పట్టీని జరిపి, మళ్లీ చదివి, ఇంతకీ ఏ మెట్టు మీదున్నానో మరిచిపోయి, మళ్లీ మొదటికి రావడం. ఒక చిన్న మార్పు చేసి చూశాడు. లెక్కలో ఒక స్పేస్ ఎక్కువైంది. ప్రోగ్రాం నడవనని మొరాయించింది. అది తన చేత్తో తాను రాసిన కోడ్. సొంత ఇంట్లో కుర్చీలన్నీ జరిపేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

అభిలాష్‌కి ఫోన్ చేశాడు. శ్రీనగర్ కాలనీలో ఉండే అభిలాష్ బొమ్మలు గీసే పని చేస్తాడు, మనిషి మంచివాడు. చూసుకోలేదన్నా, ఏమనుకోకన్నా అని పదిసార్లు అన్నాడు. ఈ “చూసుకోలేదు” అన్న మాట మతీన్ చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. కాలేజీలో పరీక్ష పత్రం ఇచ్చినప్పుడూ అదే, బ్యాంకులో సంతకం దగ్గరా అదే. చూపున్నవాళ్లు చూసుకోరు, మళ్లీ ఓదార్చాల్సింది మనం. ఈసారి ఓదార్చలేదు. ఈ రూల్ ఉంటే అంకెల భాగం తన చేతిలో ఉండదని, దాన్ని ఎవరికో అప్పజెప్పి వినికిడి నుంచి తప్పుకోవడమే మిగిలిందని చెప్పి పెట్టేశాడు. బ్యాచ్ వచ్చి కూర్చుంది. ఆ రోజు తప్పు చేసిన ప్రతివాడికీ తిట్లు పడ్డాయి.

ఆదివారం యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కాడు. అమీర్‌పేటలో మారి పంజాగుట్టలో దిగేసరికి మెట్ల దగ్గర అభిలాష్ కాచుకుని ఉన్నాడు. తన తప్పు దిద్దుకోవాలన్న తొందరలో మతీన్ మోచెయ్యి పట్టుకుని లాగినంత పని చేశాడు. మతీన్ చెయ్యి విడిపించుకుని, తన చేతిని తానే అతని భుజం మీద వేసి, నడువు అన్నాడు. ఈ రోజు తాడోపేడో తేలాలని దారంతా మతీన్ మనసులో వంద మాటలు పేర్చుకున్నాడు.

కేదార్ స్నేహితుడి ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. సెలవు రోజు కాబట్టి వీళ్లకిస్తాడు. కేదార్‌ది రాజమండ్రి వైపు. వినికిడిని మొదలుపెట్టింది అతనే కాబట్టి ఎవరూ నాయకుడని అనకపోయినా చివరి మాట అతనిదే. గొంతు పెంచడు. బల్ల మధ్యలో ఒక ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది, ఇంటి దగ్గర్నుంచి వినేవాళ్ల కోసం. వాళ్లలో బల్కంపేట సంగీత కూడా ఉందని అభిలాష్ చెప్పాడు. సంగీతకీ చూపు లేదు. డిగ్రీ రెండో ఏడు. వాళ్ల కాలేజీలో మతీన్ ఒకసారి మాట్లాడితే విని, రెండు నెలల కింద చేరింది. ఎప్పుడూ మైకు మూసుకునే వింటుంది, ఒక్క మాట మాట్లాడదు. అయినా ఆ పిల్ల ఉందంటే మతీన్‌కి బలంగా ఉంటుంది. తన తర్వాత తనలాంటిది ఇంకొకతె వచ్చింది కదా అని.

కేదార్ తన వాదన చెప్పాడు. ఓటింగ్ ఫొటోల్లో పెట్టడం తప్పేనన్నాడు, దానికి క్షమాపణ అడిగాడు. కానీ స్పేస్‌లు పెట్టుకోవడం ప్రపంచమంతా ఉన్న పద్ధతేనని, పైథాన్‌వాళ్ల సిఫారసు కూడా అదేనని, బయటి నుంచి వచ్చేవాళ్లకు మన కోడ్ పరాయిగా ఉండకూడదని అన్నాడు. కోడ్ రాసుకునే ఎడిటర్‌లో ఏదో సెట్టింగ్ మార్చుకుంటే మతీన్ గారికి ఇబ్బంది ఉండదేమో అని కూడా మెల్లిగా అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వినడమే బతుకైనవాడు ఇంకా లోకువ.

మతీన్ పేర్చుకున్న వంద మాటలూ పక్కన పెట్టాడు. సంచీలోంచి బ్రెయిలీ పట్టీ తీసి, ల్యాప్‌టాప్‌కి తగిలించి, బల్ల మీద కేదార్ వైపు తోశాడు.

“వేళ్లు పెట్టండి దీని మీద,” అన్నాడు. “కండ్లు మూసుకోకండి. మూసుకుంటే నాటకం అయితది.”

కేదార్ వేళ్లు పెట్టాడు. ఏం తగులుతుంది అని మతీన్ అడిగాడు. ఏమీ లేదండి అన్నాడు. జర కుడికి జరపమన్నాడు. ఇంకా లేదండి. ఇంకా జరపమన్నాడు.

“ఆఁ, ఇక్కడేదో మొదలైంది,” అన్నాడు కేదార్.

“గది నా కోడ్. రెండేండ్లు రాసిన. మొన్న రాత్రి మీరు నాకు వాపసిచ్చింది గా ముందరి ఖాళీ.”

తర్వాత ఒక్కొక్కరే వచ్చి వేళ్లు పెట్టారు. ఎవరూ అడగకుండానే వచ్చారు. అభిలాష్ రెండుసార్లు పెట్టాడు. కేదార్ గొంతు సవరించుకుని, సారీ అండి, మతీన్ గారి కోసం మళ్లీ ట్యాబ్‌లకే వెళ్లిపోదాం అన్నాడు. ఎంతో మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే పుండు మీద కారం చల్లింది.

“నా కోసం ఎందుకు?” అన్నాడు మతీన్. “నేనేమన్న మీ ఇంటికి దావతుకొచ్చిన్నా, నా కోసం పక్కకు తీసి పెట్టనీకి? గీ సాఫ్ట్‌వేరే గుడ్డోళ్లది. గుడ్డోళ్లకు ట్యాబే కావాలె. నేను చెప్తున్న, రాసుకోండి.”

కేదార్ రాసుకున్నాడు. కీబోర్డ్ చప్పుడు వినిపించింది. ఇంకెవరికైనా అభ్యంతరముందా అని గదినీ, బల్ల మీది ఫోన్‌నీ అడిగాడు. కాసేపు ఆగాడు. ఎవరూ మాట్లాడలేదు. అయిపోయింది. ఎవరో మతీన్ వీపు తట్టారు. బయటికొచ్చి మెట్లు దిగుతున్నప్పుడు అతనికి కోపం తగ్గలేదని అతనికే ఆశ్చర్యమేసింది. గెలిచాక కూడా తగ్గకపోతే ఈ కోపాన్ని ఎక్కడ దించుకోవాలి?

దించుకోవడానికి చోటు సోమవారమే దొరికింది. రూల్ కాగితం మీద ఉంటే ఎవడు పాటిస్తాడు, దానికొక కాపలా కావాలన్నాడు కేదార్. ఎవరు ఏ మార్పు పంపినా వినికిడిలో కలిసేముందు ఒక చిన్న ప్రోగ్రాం దాన్ని తనిఖీ చేస్తుంది. రూల్ తప్పితే తిప్పి పంపుతుంది. దాన్ని మతీనే రాస్తానన్నాడు. క్లాసుల మధ్య కూర్చుని ఒక్క పూటలో రాసేశాడు. ఏ వరుస మొదట్లోనైనా ఒక్క స్పేస్ కనిపించిందా, మొత్తం మార్పు వెనక్కి. సందులేం లేవు, మినహాయింపులేం లేవు. పంపినవాడికి కారణం చెప్పే సందేశం ఒకటి ఉండాలి కదా, దాన్ని మాత్రం ఆగి, మనసు పెట్టి రాశాడు. “వరుస మొదట్లో స్పేస్‌లున్నాయి. చదవకుండా పంపితే మేం చదవం. రూల్ తెలుసుకుని రండి.”

అభిలాష్ అది చదివి ఫోన్ చేశాడు. అన్నా, జర మెత్తగ రాయరాదు, కొత్తోళ్లు సుత వస్తరు గదా అన్నాడు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని, ఇన్నేళ్లూ మెత్తగా ఉండే ఇక్కడిదాకా వచ్చిందని మతీన్ జవాబిచ్చాడు. ఒక్క అక్షరం మార్చలేదు.

బుధవారం మధ్యాహ్నం బ్యాచ్‌ల మధ్య విరామం దొరికితే, కాపలావాడు ఎవరెవరిని వెనక్కి పంపాడో వినడానికి కూర్చున్నాడు. కేదార్ పేరు రెండుసార్లు వచ్చింది. మతీన్ గట్టిగా నవ్వాడు. అభిలాష్ పేరు వచ్చింది, ఇంకా నవ్వాడు. వాళ్ల ఎడిటర్లు అలవాటు కొద్దీ స్పేస్‌లు పెట్టేస్తున్నాయి. సెట్టింగ్ మార్చుకోమని తనకు చెప్పారు కదా, ఇప్పుడు వాళ్లు మార్చుకోవాలి. ఆకలి మీద అన్నం తిన్నంత హాయిగా ఉంది.

ఆ తర్వాత యంత్రం చదివింది: సంగీత, తిరస్కరణ. సంగీత, తిరస్కరణ. మళ్లీ సంగీత, తిరస్కరణ. అలా నిన్న సాయంత్రం నుంచి ఈ పొద్దుటి దాకా. చివర్న, సంగీత ఈ మార్పును వెనక్కి తీసుకున్నారు.

ఏం పంపిందో తెరిచాడు. అంకెల భాగంలోనే. వినికిడికి పాత జబ్బు ఒకటుంది. ఫోన్ నంబర్ కనిపిస్తే దాన్ని కోట్లలో చదివేస్తుంది. తొమ్మిది వందల ఎనభై నాలుగు కోట్ల ఎనభై లక్షల అంటూ మొదలుపెడుతుంది. ఇంట్లో వింటుంటే పక్క గదిలోంచి మతీన్ వాళ్లమ్మ ఫఖ్రున్నీసా, ఎవరివిరా అన్ని కోట్లు అని అడిగేది. ఏడాదిగా మతీన్ దాన్ని సరిచేద్దామనుకుని వాయిదా వేస్తూ వస్తున్నాడు. సంగీత దాన్ని కొద్ది వరుసల్లో సరిచేసింది. పది అంకెలుంటే కోట్లు కట్టిపెట్టి, మనం ఒకరికొకరం నంబర్ ఎలా చెప్పుకుంటామో అలా, రెండేసి అంకెలుగా. మతీన్ దాన్ని తన దగ్గర నడిపి చూశాడు. తొంభై ఎనిమిది, నలభై ఎనిమిది అంటూ చక్కగా చదివింది. ఎంత తేలిగ్గా తేల్చేసింది! అంత సంతోషంలోనూ ఒళ్లు మండింది. ఇంత తెలివైన పిల్లకి ఒక్క ట్యాబ్ మీట నొక్కడం చేతకాలేదా? చూపున్నవాళ్లతో కొట్లాడి తెచ్చిన రూల్‌ని మనవాళ్లే పాటించకపోతే రేపు కేదార్ ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

తిట్టడానికే ఫోన్ చేశాడు. సంగీత ఎత్తి, నమస్తే మతీనన్నా అంది. వెనకాల ఎవరివో వంటింటి గిన్నెలు వినిపిస్తున్నాయి. మార్పు మస్తుగా ఉందని ముందు చెప్పాడు. ఆ పిల్ల చిన్నగా నవ్వింది. మరి అన్నిసార్లు తప్పుతో ఎందుకు పంపినవ్, సందేశం వినలేదా అని అడిగాడు.

“విన్న అన్నా. నా కీబోర్డ్ మీద ట్యాబ్ లేదు.”

“ఏం కీబోర్డమ్మా గది? ట్యాబ్ లేని కీబోర్డ్ ఉంటదా?”

“ఫోన్‌ది అన్నా.”

ఫోన్ ఎందుకు, ల్యాప్‌టాప్ తియ్ అన్నాడు మతీన్. అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. ఆ ఆగడంలోనే అతనికి తెలిసిపోయింది. అయినా చెప్పేదాకా విన్నాడు. ల్యాప్‌టాప్ లేదట. కాలేజీలో ఉందట గానీ దాంట్లో తెర చదివేది ఏదీ లేదట. మొదటి నుంచీ అన్నీ ఫోన్‌లోనే రాస్తోందట. గాజు మీద వేలు జరుపుతూ పోతే కింద ఏ అక్షరముందో ఫోన్ పలుకుతుంది, కావలసింది పలికినప్పుడు ఎత్తితే ఆ అక్షరం పడుతుంది. అలా ఒక్కొక్క అక్షరం. స్పేస్ అయితే అడుగున వెడల్పుగా ఉంటుంది, వెతుక్కోకుండా దొరుకుతుంది. ట్యాబ్ ఎక్కడా లేదు. పాత కోడ్‌లోంచి ఒక ట్యాబ్‌ని కాపీ చేసి ఒక్కో వరుసకూ అతికించిందట. అతికించగానే అది స్పేస్‌లుగా మారిపోయిందట. మళ్లీ తీసి, మళ్లీ అతికించి, మళ్లీ పంపిందట.

“మల్ల ప్రతిసారి గా సందేశం వచ్చింది,” అంది.

మతీన్‌కి ఆ సందేశం కంఠతా వచ్చు. చదవకుండా పంపితే మేం చదవం. ఎవరికని రాశాడు? కేదార్‌కి, అభిలాష్‌కి, ఊళ్లో చూపున్న వాళ్లందరికీ. వాళ్లు సెట్టింగ్ మార్చుకుని నవ్వుకుని పోయారు. ఆ మాట పదేపదే పడింది ఈ పిల్ల చెవిలో. సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు కోపమే వచ్చింది, అలవాటైన కోపం, అది ఈ పిల్ల మీదికే పోయింది.

“మరి ఆదివారం మీటింగ్‌ల ఉన్నవ్ గదా సంగీతా. ఎవరికన్న అభ్యంతరముందా అని అడిగిన్రు. గప్పుడెందుకు చెప్పలే?”

అటువైపు గిన్నెలు మళ్లీ మోగాయి.

“మీరు చెప్తున్రు గదన్నా, గుడ్డోళ్లకు ఏం కావాల్నో,” అంది. “నేను సుత గుడ్డిదాన్నే గదా. నాకు సుత గదే కావాలె గావచ్చు అనుకున్న.”

గదిలోకి పిల్లలు రావడం మొదలైంది. బెంచీలు జరుగుతున్నాయి. మతీన్ చెయ్యెత్తి వాళ్లని ఆగమన్నాడు. ఇంతకీ కాపలా ప్రోగ్రాం తిప్పి పంపడం దేనికి? స్పేస్‌లు కనిపిస్తే అదే ట్యాబ్‌లుగా మార్చి లోపల పెట్టేసుకోవచ్చు. అంతే వరుసలు, అంతే పని. ఎవరూ ఏ మీటా వెతుక్కోనక్కర్లేదు. అది అతనికి సోమవారం కూడా తెలుసు. తెలిసే రాయలేదు. మార్చిపెట్టడం కాదు, ఎవర్నో ఒకర్ని వాపసు పంపాలనిపించింది.

సందేశం తీసేస్తానని, ఇకమీద కాపలా ప్రోగ్రామే స్పేస్‌లను మార్చుకునేలా రాస్తానని, నీ మార్పును ఇప్పుడే కలుపుతానని చెప్పాడు. సరే అన్నా అంది సంగీత. ఏ రూల్‌కైనా ఆ పిల్ల ఇంతే నెమ్మదిగా సరే అంటుందని తెలిసి, ఆ సరేని అలా ఒప్పేసుకోవడం అతనికి చేతకాలేదు.

“సంగీతా. నీకేం కావాలె?” అన్నాడు.

“అంటే?”

“వినికిడిల. కోడ్ రాసేటప్పుడు. నీకేముంటే అల్కగ అయితది?”

పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

“తెల్వదన్నా,” అంది సంగీత. “ఇప్పటిదాంక నన్నెవ్వరు అడగలే. ఆలోచించి చెప్త.”

ఎప్పుడు అని అడగబోయి ఊరుకున్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, పట్టీ మీద వేళ్లు ఆనించి, తను రాసిన సందేశం దగ్గరికి వెళ్లాడు. ఆ అక్షరాల చుక్కలన్నీ ఒక్కొక్కటీ తగిలాయి. మొత్తం చదివాడు. తర్వాత తీసేశాడు.